సింహం నోటి కుళాయి

సూది గుచ్చేటప్పుడు అటు చూడకూడదని ఆమె ఎప్పుడో నేర్చుకుంది, అందుకే ఇటు, కుడిచేతిలో ఉన్న ఫోన్ వైపు చూసింది. చర్చ ఇంకా తెరిచే ఉంది, ఇవాళ సాయంత్రం మూసేస్తారట, ఇంటర్నెట్టులో ఉన్న ఆ పెద్ద విజ్ఞాన సర్వస్వంలో 'దప్పిక' అనే వెబ్‌సైటు గురించిన పేజీ ఉంచాలా తీసెయ్యాలా అని వారం రోజులుగా ముక్కూ మొహం తెలియని నలుగురు వాదించుకుంటున్నారు, నలుగురు కూడా కాదు, గట్టిగా చూస్తే ఇద్దరే, ఒకరి పేరు కత్తెర, ఒకరి పేరు పాత గడియారం, అవి వాళ్ళకు వాళ్ళు పెట్టుకున్న పేర్లే, అక్కడ ఎవరు ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఏదైనా రాయవచ్చు, రాసినదాన్ని ఇంకెవరైనా వచ్చి చెరిపేయవచ్చు, సముద్రం ఒడ్డున ఇసుకలో రాసుకోవడం కన్నా అదేం గొప్ప, అయినా ఆ ఇసుక కోసమే ఆమె వారం రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు. ఎడమచేతి మీద తాడులా ఉబ్బిన నరంలో రెండు సూదులూ దిగాయి, సిస్టర్ ప్లాస్టర్ అంటించి, డయాలసిస్ మిషన్ మీద ఏవో బొత్తాలు నొక్కి, "చెయ్యి కదపకండమ్మా, పోయినసారి కదిపి రెండోసారి గుచ్చించుకున్నారు" అంది. కదపదు. ఇక్కడ కూర్చున్నంతసేపూ ఎడమచెయ్యి ఆమెది కాదు, మిషన్‌ది. రక్తం ఒక గొట్టంలో బయటికి వెళ్ళి ఇంకో గొట్టంలో లోపలికి రావడం కొత్తలో కళ్ళప్పగించి చూసేది, ఇప్పుడు ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నట్టే, ఉందన్న ధ్యాసే ఉండదు.

ధ్యాసంతా నాలుక మీదే ఉంటుంది, అట్టముక్కలా ఎండిపోయిన నాలుక మీద. రోజుకు ఇన్ని నీళ్ళే అని డాక్టరు కొలిచి చెప్పాడు, కొలిచి అంటే చంటిపిల్లకు మందు పోసినట్టే, పొద్దున మాత్రలకు రెండు గుక్కలు, మధ్యాహ్నం అన్నం గొంతు దిగడానికి ఇంకో రెండు, ఆ తరవాత ఐసుముక్క చప్పరించి ఊరుకోవాలి, ఒంట్లో చేరిన నీళ్ళు ఇక బయటికి పోవు, కాళ్ళల్లోకీ ఊపిరితిత్తుల్లోకీ దిగుతాయి. ఊళ్ళో తాగే నీళ్ళు ఎక్కడెక్కడ దొరుకుతాయో వీధి వీధీ తిరిగి పటం గీసిన మనిషికి ఈ జబ్బే రావాలా, దేవుడికి ఇంకో జబ్బే దొరకలేదా, ఆ పటం తనతో కలిసి గీసిన సర్వేయరు ఉండి ఉంటే దీనికి పగలబడి నవ్వేవాడు, నవ్వి, ఆ తరవాత బయటికి వెళ్ళి గోడ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకునేవాడు, ఆయన పద్ధతే అంత. పక్క కుర్చీలో మేష్టారు, లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, దుప్పటి మెడదాకా లాక్కుని ఇటు తిరిగారు. "ఏంటమ్మా, ఇవాళ ఫోన్ వదలట్లేదు, లాటరీ ఏమన్నా తగిలిందా?" "తగిలితే మీకు చెప్పకుండా ఉంటానా మేష్టారూ." "చెప్పొద్దులేమ్మా, చెప్తే వాటా అడుగుతా" అని ఆయన కళ్ళు మూసుకున్నారు. చెబుదామా అనుకుంది. ఏమని చెప్పాలి, ఎవరో ఒక పేజీ తీసేస్తున్నారు మేష్టారూ, అందులో మొదటి వాక్యంలో నా పేరుంది అనా, అంటే ఆయన, పోతే పోనీలేమ్మా పేపర్లో వేస్తారా ఏమిటి అంటారు, న్యాయమే, ఎవరైనా అదే అంటారు, చెల్లెలూ అదే అంది, "అక్కా, నీకు పనీపాటా లేక అదొక బెంగ. ఆ వెబ్‌సైటే మూతపడ్డాక దాని మీద పేజీ ఉంటే ఎంత పోతే ఎంత" అంది. దానికి ఆ వాక్యం సంగతి తెలియదు.

ఆ వాక్యం చిన్నదే. దప్పికను ఫలానా సర్వేయరూ, కుళాయిల దుకాణంలో పనిచేసే ఫలానా ఆవిడా కలిసి మొదలుపెట్టారు. అంతే, ఇద్దరి పేర్లు, పక్కపక్కన. అది మొదలైందీ దుకాణంలోనే, ఇప్పటికీ ఆమె ఆ దుకాణంలోనే బిల్లులు రాస్తోంది, వారంలో సగం రోజులు ఇక్కడే గడిచిపోతాయి కాబట్టి మిగతా సగం వెళుతుంది, యజమాని జీతం సగం చేశాడు గాని పొమ్మనలేదు, ఈ రోజుల్లో అదే పదివేలు. గోడ నిండా కుళాయిలు, ఇత్తడివీ స్టీలువీ, తిప్పేవీ నొక్కేవీ, చెయ్యి కింద పెడితే వాటంతట అవే పోసేవీ, ఒకరోజు ఎండన పడి ఒకాయన వచ్చాడు, భుజాన కొలతల స్టాండు, వీపుకు అంటుకుపోయిన చొక్కా, వాషరు కావాలని అడగబోయి గొంతు పెగలక, "ముందు కాసిని మంచినీళ్ళుంటే ఇప్పించండి" అన్నాడు. ఆ రోజు దుకాణంలో నీళ్ళ క్యాను ఖాళీ. ఆయన గోడ చుట్టూ చూసి, "ఇన్ని కుళాయిలు పెట్టుకుని చుక్క నీళ్ళు లేవంటారేంటండీ" అని నవ్వాడు, ఆమెకు తల కొట్టేసినట్టయింది, సంచిలోంచి తన సీసా తీసి ఇచ్చింది. ఆయన సగం తాగి, మిగతా సగం జాగ్రత్తగా మూత పెట్టి తిరిగిచ్చాడు, అలా తిరిగిచ్చిన మనిషిని ఆమె అంతకు ముందు చూడలేదు, దాహమేసినవాడు సీసా ఖాళీ చేసి గాని వదలడు కదా. మర్నాడు మళ్ళీ వచ్చాడు, వాషరు సైజు తప్పిందని, ఆ మర్నాడు ఇంకో వాషరు, ఒక ఇంట్లో ఎన్ని కుళాయిలు కారతాయి, యజమాని కూడా నవ్వడం మొదలుపెట్టాడు.

ఆ తరవాత సాయంత్రాలన్నీ ఊళ్ళో మంచినీళ్ళ కుళాయిలు వెతుకుతూ నడకే. ఆయన ముందు, ఆమె రెండడుగులు వెనక, ఈ వీధి మొగలో ఉందా, ఉంది, వస్తోందా, సన్నగా వస్తోంది, నీళ్ళు ఎలా ఉన్నాయి, కాస్త ఉప్పగా, రాసుకోండి. మొదట ఊరొక్కటే, ఆ తరవాత ఎవరెవరో చేరారు, పేరు వినని ఊళ్ళ నుంచి కూడా, లారీ డ్రైవర్లు, ఇల్లిల్లూ తిరిగి పార్సిళ్ళిచ్చేవాళ్ళు, చంకలో బిడ్డతో ఆసుపత్రుల చుట్టూ తిరిగే తల్లులు, ఒక్కొక్కరూ ఒక్కో కుళాయిని పటం మీద గుర్తుపెట్టి కింద ఒక ముక్క రాసేవాళ్ళు, నీళ్ళు తియ్యగా ఉన్నాయి గాని కుక్క ఉంది జాగ్రత్త అని, కాపలా మనిషిని అన్నా అని పిలిస్తే గేటు తీస్తాడు అని, ఈ కుళాయి తిప్పితే ఏడుస్తుంది భయపడకండి అని. దుకాణం మూసే వేళకు ఆమె ఆ ముక్కలన్నీ చదివి తప్పులు దిద్దేది, ఆయన కొలతలు సరిచూసేవాడు. ఆ రోజుల్లో ఆమెకు అద్దంలో తన మొహం బాగానే ఉందనిపించేది. తరవాత ఏముంది, నీళ్ళ సీసాలు అడుగడుగునా అమ్మకానికొచ్చాయి, వీధి కుళాయిలు ఒక్కొక్కటీ పీకేశారు, జనం తమ గుర్తులు తాము చెరుపుకోవడానికి కూడా తిరిగి రాలేదు, ఆయన పోయాక సర్వరుకు కట్టేవాళ్ళు లేరు, ఆమె కొన్నాళ్ళు కట్టింది, మందుల ఖర్చు మీద పడ్డాక మానేసింది. ఇప్పుడు దప్పిక అని కొడితే పేజీ దొరకలేదు అని ఒక తెల్లటి బొమ్మ వస్తుంది.

విజ్ఞాన సర్వస్వంలో పేజీ మాత్రం ఆ మంచిరోజుల్లోనే ఎవరో కుర్ర విద్యార్థి రాశాడు, వీళ్ళకు తెలియనే తెలియదు, ఒక మధ్యాహ్నం సర్వేయరు తన ఆఫీసు నుంచి దుకాణానికి ఫోన్ చేసి, "అర్జెంటుగా రండి" అన్నాడు, ఏ ముప్పు వచ్చిందోనని ఆమె చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తింది. ఆయన కంప్యూటరు ముందు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. మొదటి వాక్యం పైకి చదివాడు, మళ్ళీ చదివాడు, ఆ తరవాత గొంతు తగ్గించి, పక్క టేబులు గుమాస్తాకు వినపడకుండా, "చూశారా, పెళ్ళికార్డు లాగుంది" అన్నాడు. ఆమె వేలితో తెర మీద ఆ రెండు పేర్లనూ ముట్టుకుంది, తెర వెచ్చగా ఉంది. ఆయనకు అప్పటికి భార్య పోయి చాలా కాలం, ఎదిగిన కొడుకులు, ఆమెకు మంచాన పడ్డ తల్లి, అమ్మ ఉండగా ఇల్లు కదలదు, ఆ కొడుకులు ఉండగా ఆ ఇంట్లోకి అడుగుపెట్టలేదు, అమ్మ పోయేసరికి ఇద్దరికీ వయసు పోయింది, పైగా నలుగురు నవ్వుతారేమోనన్న పిరికితనం ఒకటి. చివరిదాకా ఒకరినొకరు మీరు అనే పిలుచుకున్నారు. ఒక్కసారి తప్ప.

ఆయన పోయినరోజు ఆమె వెళ్ళింది, వెళ్ళకుండా ఎలా ఉంటుంది. పెద్దకొడుకు గుమ్మంలో నిలబడి, కళ్ళు వాచిపోయి ఉన్నాయి పాపం, మర్యాదగానే, "మీరెవరండీ?" అని అడిగాడు. అంత తేలిక ప్రశ్నకు ఆమె నీళ్ళు నమిలింది. వెనకనుంచి ఎవరో, "కుళాయిల షాపు ఆవిడలే" అన్నారు, ఆ అబ్బాయి, "అయ్యో, నాన్నగారు ఏమైనా బాకీ ఉన్నారా, తరవాత చూద్దాం" అన్నాడు. లేదు బాబూ అని చెప్పి ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మధ్య ఒక మూల కూర్చుని, ఆ ఆడవాళ్ళు ఎంత ఏడిస్తే అంతే ఏడ్చి, వాళ్ళు లేచినప్పుడే లేచి వచ్చేసింది. పేపర్లో వేయించిన ప్రకటనలో కొడుకులు, కోడళ్ళు, మనవలు, తోడల్లుడి పేరు కూడా ఉంది, ఆయన తోడల్లుడితో పదేళ్ళుగా మాట్లాడలేదు. లోకంలో ఇక ఏ కాగితం మీదా, ఏ గోడ మీదా, ఏ రాయి మీదా వాళ్ళిద్దరి పేర్లు ఒకచోట లేవు. ఉన్నది ఆ పేజీ మొదటి వాక్యంలోనే, దాన్నిప్పుడు కత్తెర అనే మనిషి తీసెయ్యమంటున్నాడు.

కత్తెర చెడ్డవాడు కాదు, అదే ఇబ్బంది, చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. ప్రతి మాటకూ గారూ అంటాడు, ఓపిగ్గా రాస్తాడు, ఈ ప్రాజెక్టు ఇప్పుడు నడవట్లేదు, నడిచిన రోజుల్లో కూడా దీని గురించి బయటివాళ్ళు ఎవరూ అచ్చులో రాసినట్టు లేదు, ఎవరి గురించి వాళ్ళు చెప్పుకున్నది లెక్కలోకి రాదు, కాబట్టి తొలగించాలి. ఆమె కుళాయి అనే పేరుతో చేరి, అక్కడి నియమం ప్రకారం మొదటే ఒప్పుకుంది, నాకు ఈ ప్రాజెక్టుతో సంబంధం ఉంది అని. ఆయన గుమ్మంలో పెగలని ముక్క ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు ఎంత తేలిగ్గా వచ్చిందో, రాశాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. సంబంధం ఉన్నవాళ్ళ ఓటు లెక్కపెట్టం, ఏమీ అనుకోకండి అని కత్తెర జవాబిచ్చాడు. అనుకోవడానికేముంది. ఎంతమంది ఆ కుళాయిల దగ్గర దాహం తీర్చుకున్నారో, ఒక్కరైనా వచ్చి నేను తాగాను అని ఒక ముక్క రాస్తే, రాసినా చెల్లదట, తాగినవాడి మాట సాక్ష్యం కాదు, తాగాడని ఇంకెవరో పుస్తకంలో రాయాలి. నిన్నటికి ఆమె ఆశకు నీళ్ళు వదులుకుంది. కాలి పిక్క పట్టేసింది, లోపల ఎవరో మెలితిప్పుతున్నట్టు, కదపకూడదు, పళ్ళు బిగించి పాదాన్ని కుర్చీ అంచుకు అదిమింది, సిస్టర్ వచ్చి మిషన్ మీద ఏదో తగ్గించింది, మెల్లగా వదిలింది.

మళ్ళీ ఫోన్ చూసేసరికి పాత గడియారం రాసిన కొత్త మాట ఉంది. ఆధారం దొరికిందండీ, నగరాల నీటి వసతుల మీద ఒక ప్రొఫెసరు గారి పెద్ద పుస్తకం, అందులో దప్పిక గురించి అరపేజీ ఉంది, ఫోటో పెడుతున్నాను. ఆమె గుండె ఒక్కసారి పైకి లేచింది, ఎడమచేతి నరంలో ఆ దడ స్పష్టంగా తెలిసింది, మిషన్ కూడా కీచుమంది, ఎవరో పుణ్యాత్ముడు, ఎక్కడో కూర్చుని, తనకేం సంబంధం లేని దానికోసం గ్రంథాలయానికి వెళ్ళి దుమ్ము దులిపి వెతికాడు, లోకం గొడ్డుపోలేదు. ఫోటో తెరిచి రెండు వేళ్ళతో పెద్దది చెయ్యాలి, ఒంటిచేత్తో అది కుదరదు, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని బొటనవేలూ చూపుడువేలూ అవస్థపడ్డాయి. అక్షరాలు పెద్దవయ్యాయి. దప్పిక జాబితాలో అన్నిటికన్నా పురాతనమైనది సింహం నోటి కుళాయి, పాత పంపుల యార్డు గోడ వెనక ఉన్న ఈ ఇత్తడి కుళాయి నీళ్ళు నడివేసవిలో కూడా చల్లగా ఉంటాయని ప్రతీతి. సింహం నోటి కుళాయి లేదు. ఎప్పుడూ లేదు.

దాన్ని సర్వేయరే పుట్టించాడు. ఎవరో కంపెనీవాళ్ళు దప్పిక గుర్తులన్నీ ఎత్తుకెళ్ళి తమవిగా అమ్ముకుంటున్నారని అనుమానం వచ్చింది, పటాలు గీసేవాళ్ళకు ఒక పాత ఉపాయం ఉందండీ అన్నాడు, లేని వీధి ఒకటి పటంలో దాచిపెడతారు, ఎదుటివాడి పటంలో కూడా ఆ వీధి కనిపిస్తే దొంగ దొరికినట్టే. దుకాణం గోడ మీద ఎవరూ కొనని ఒక ఇత్తడి కుళాయి ఉండేది, సింహం తల ఆకారంలో, దాన్ని చూసి కథ అల్లాడు. ఆమె ఒప్పుకోలేదు, దాహంతో ఉన్నవాడు ఎవడైనా నమ్మి అంత దూరం నడిచి వెళితే ఆ పాపం ఎవరిది అని గట్టిగానే అంది, అది తాళం వేసిన యార్డు ఎవడూ వెళ్ళలేడు అని ఆయన, వెళ్ళలేని చోట నీళ్ళున్నాయని చెప్పడం ఇంకా పాపం అని ఆమె, "నీకేం తెలుసే, ఊరుకో" అన్నాడు. అన్నాక ఇద్దరూ ఆగిపోయారు. ఆ ఒక్కసారే. ఆమె ఓడిపోయింది, ఓడిపోయినందుకు ఆ రాత్రి మంచం మీద పడుకుని ఆ మాటను మళ్ళీ మళ్ళీ నెమరేసుకుంది. దొంగలు దొరికారు, కాకపోతే ఆయన మరీ బాగా రాశాడు, అదే తంటా, జనం ఆ సింహాన్ని ప్రేమించేశారు, నేను తాగాను అమృతంలా ఉంది అని ఒకడు, మా తాతగారు చూపించారు అని ఇంకొకడు, లేని కుళాయిలో ఎంతమంది దాహం తీర్చుకున్నారో. ఆ విద్యార్థి దాన్ని పేజీలోకి ఎక్కించాడు, ప్రొఫెసరు పేజీలోంచి అవే మాటలు పుస్తకంలోకి ఎత్తి రాశాడు, ఇప్పుడా పుస్తకమే పేజీకి ఆధారం. ఆ ప్రొఫెసరు ఏ కుళాయి దగ్గరికీ వెళ్ళలేదు, ఒక్క గుక్క తాగలేదు.

చెప్పాలి. దొంగ దొరికితే మొహమాటపడకండి, నేను లేకపోయినా సరే అని సర్వేయరు ఎన్నిసార్లో అన్నాడు. ఒక్క ముక్క రాస్తే చాలు, అయ్యా ఈ పుస్తకం మీ పేజీనే చూసి రాసింది, సింహమే సాక్షి అని, రాస్తే ఆధారం పోతుంది, ఆధారం పోతే పేజీ పోతుంది, పేజీ పోతే ఆ వాక్యం, ఆ రెండు పేర్లూ. బొటనవేలు తెర మీద ఆగింది. అవతల కత్తెర, మంచి ఆధారమే, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను అని రాశాడు. ఇంకెవరో ఉంచాలి అన్నారు, ఇంకొకరు, ఆ సింహం కుళాయి ఎంత బావుందో అన్నారు. దొంగకు తేలు కుట్టినట్టు ఆమె మెదలకుండా ఉండిపోయింది. క్షమించండి అని సర్వేయరుకు మనసులోనే చెప్పుకుంది, మీరు నిజం కోసం పెట్టిన బోనులో నేనే దూరి కూర్చున్నాను, ఈ ఒక్కసారికి నన్ను మీ పేరు పక్కన ఉండనివ్వండి, ఎన్నాళ్ళో ఉండను లెండి, ఈ మిషన్ల దగ్గరికి వచ్చేవాళ్ళ లెక్కలు నాకూ తెలుసు, అటు పక్క కుర్చీలో పోయిన నెల దాకా కూర్చున్నావిడ ఇప్పుడు లేదు. కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి తీర్పు చెప్పే మనిషి వచ్చి చర్చ మూసేశాడు. ఫలితం, ఉంచాలి. ఆమె మేష్టారి వైపు తిరిగి చెబుదామనుకుంది, ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు, ఫోన్ గుండెల మీద బోర్లించుకుని ఆమె చాలాకాలం తరవాత హాయిగా ఊపిరి తీసుకుంది.

సిస్టర్ వచ్చి మిషన్ ఆపేవేళకు ఆ వాక్యం ఒకసారి చూసుకుందామని పేజీ తెరిచింది. పేజీ పొట్టిదైపోయింది. కత్తెర అప్పుడే శుభ్రం చేసి వెళ్ళాడు, పొరపాటేమీ చెయ్యలేదు, ఉంచాలన్నారు కాబట్టి శ్రద్ధగా ఉంచాడు, ఆధారంలో ఉన్నది మాత్రం ఉంచి ఆధారంలో లేనిదంతా తీసేశాడు, డ్రైవర్లూ తల్లులూ లేరు, కుక్కా ఏడ్చే కుళాయీ లేవు, పుస్తకంలో వ్యవస్థాపకుల పేర్లు లేవు కాబట్టి అవీ లేవు. దప్పిక కొందరు ఔత్సాహికులు మొదలుపెట్టిన తాగునీటి పటం, ఇందులో అన్నిటికన్నా పురాతనమైనది సింహం నోటి కుళాయి. మొత్తం పేజీ అంతే. మార్పుకు కారణం అన్న చోట, ఆధారం లేని వివరాలు తొలగింపు అని ఉంది.

ఆమె రాసింది, ఒంటివేలితో, తప్పులు పోతున్నా దిద్దకుండా రాసింది, ఆ కుళాయి లేదు బాబూ, నేనూ ఆయనా కలిసి కల్పించాం, మేమిద్దరమే ఉన్నాం, ఆ కుళాయే లేదు. జవాబు వెంటనే వచ్చింది. కుళాయి గారూ, నమస్కారం. మీ బాధ అర్థమైంది. కానీ అది ఉందని పుస్తకం చెబుతోంది. లేదనడానికి, మీరిద్దరూ ఉన్నారనడానికి, అచ్చయిన ఆధారం ఏదైనా ఉంటే తప్పక చూపండి. సొంత అనుభవం ఇక్కడ చెల్లదు.

సిస్టర్ సూదులు తీసి, దూది పెట్టి, ఆమె కుడిచేతి వేళ్ళు పట్టుకుని దాని మీద అదిమిపెట్టింది, "రక్తం ఆగేదాకా గట్టిగా నొక్కిపట్టుకోండి" అంది. ఫోన్ దుప్పటి మడతలోకి జారిపోయింది. తీసుకోవడానికి చెయ్యి లేదు. సిస్టర్ మిషన్ మీద అంకెలు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈసారి కూడా నీళ్ళు ఎక్కువ తాగేశారమ్మా. ఇంత చెప్పినా వినరేంటి. తాగొద్దని గదమాయించడానికి ఇంట్లో మీకెవరూ లేరా?"

"లేరు," అంది ఆమె.